పాము ముట్టని చెయ్యి

బోగోలు తీరాన చేపలుపట్టే పట్టపువారి పల్లెలో పేరమ్మ చేతిని పాము ముట్టదని అందరి నమ్మకం. ఆమె పెనిమిటి కడలిపాము కరిచి చనిపోయాడు. ఒక ఇంట ఒకరిని తిన్న పాము ఆ ఇంట రెండవవారి జోలికి పోదని పెద్దలు తేల్చారు. చావుమైల తీరీతీరకముందే వల యజమాని చెంచురామయ్య ఆమెను ఒడ్డుకు పిలిపించి, ఒడ్డుకు లాగే అలివివలలో చేపలతోపాటు పడే పాములను ఏరి పారవేసే పని అప్పగించాడు. కూలి గంపెడు చేపలు.

"పాము నిన్ను కరిచిననాడు నీతో పనేముందిమే? ఆ గంప ఇంకోరికిస్తా" అని ఆనాడే చెప్పాడు.

ఆ గంపే కూతురు జయశీలకు కూడు. పిల్లను మాత్రం పేరమ్మ వల ఛాయలకు రానిచ్చేది కాదు. ఎండుచేపలిచ్చి అమ్ముకురమ్మని బిట్రగుంట రైల్వే కాలనీకి పంపేది.

పందొమ్మిది వందల అరవై రెండు కార్తీకంలో ఒకనాడు వల ఒడ్డెక్కింది. పాము తోక పట్టబోయిన పేరమ్మ మణికట్టు మీద సూదితో పొడిచినట్లయింది. నొప్పి లేదు. రెండు నెత్తుటి చుక్కలు మాత్రం పొటమరించాయి. పక్కన చేపలేరుతున్న పిచ్చమ్మ చూడనే చూసింది.

"ఏందిమే ఆ నెత్తురు?"

"జెల్లచేప ముల్లు గుచ్చిందిలేక్కా."

"జెల్లముల్లు గుచ్చితే ఇంత నిమ్మళంగా ఉంటావా? ఈపాటికి పల్లెంతా లేపుండవా!"

చెంచురామయ్య ఇటు తిరిగాడు. పేరమ్మ మరుక్షణమే తన చెయ్యి పట్టుకొని ఇసుకలో కూలబడి, "అమ్మో! సచ్చినానమ్మో!" అని రాగం తీసింది. అందరూ నవ్వారు. చెంచురామయ్యా నవ్వి, గంప నింపించాడు.

గంప మోసుకొని ఇల్లు చేరేసరికి మెడ బిగిసింది. రెప్పలు వాలాయి. కూతురికి నిజం చెప్పబోతే నాలుక తిరగలేదు. దీపాలవేళకు ఊపిరి ఆగిపోయింది.

మరునాడు మట్టి చేసి వచ్చినవారు జయశీలను వెంటబెట్టుకొని వల దగ్గర చేరారు. పిచ్చమ్మ ఉండబట్టలేక అడిగింది. "కరిచింది పామే గదా, మామా? రెండోవాళ్లను ముట్టదంటిరే?"

చెంచురామయ్య తడుముకోలేదు. "పేరమ్మ బయటినుంచి వచ్చిన కోడలు గదమ్మే. ఈ పిల్లయితే ఆ ఇంటి నెత్తురు. దీన్ని ముట్టదు."

పెద్దలు తలలూపారు. చెంచురామయ్య ఖాళీ గంపను కాలితో జయశీల ముందుకు తోశాడు.