చీటీలో ఒక్క మాట

2006లో, మా తమ్ముడు పోయిన నాలుగు నెలలకు, యానాంలో గోదావరి ఒడ్డున అమెరికా పల్లెపాటల కంట్రీ మ్యూజిక్ కచేరీ పెట్టారు. ఊరూరా తిరిగి వాయించే రెండు బ్యాండులు వచ్చాయి. తమ్ముడు చర్చిలో గిటారు వాయించేవాడు. ఈ కంట్రీ పాటలంటే వాడికి ప్రాణం. చీటీ రాసిస్తే కోరిన పాట వాయిస్తారని తెలిసి, వాడి పేరున ఒకటి వాయించమందామని అమ్మను తీసుకుని వెళ్లాను.

"చనిపోయిన మా తమ్ముడు ప్రసాదు జ్ఞాపకార్థం" అని రాశాను. అమ్మ ఊరుకోలేదు.

"చనిపోయిన ఏంటే? ప్రభువునందు నిద్రించిన అని రాయి."

పోయినవాళ్లను మా చర్చి సంఘంలో అలాగే అంటారు. వాదించే ఓపిక లేక కొట్టేసి రాశాను.

యాంకరు చీటీ సగమే చదివాడు. "నిద్రించిన ప్రసాదు గారంట! ఇంత సౌండులో నిద్రేంటండీ బాబూ? గట్టిగా చప్పట్లు కొట్టి లేపండి!"

జనమంతా నవ్వుతూ చప్పట్లు కొట్టారు. ఎవరో "ప్రసాదూ, లెగరా!" అని అరిచారు. నాకు తల కొట్టేసినట్టయింది. వేదిక దగ్గరికెళ్లి సంగతి చెబితే యాంకరు "సారీ మేడం" అని, పాట ఊసే ఎత్తకుండా ఇంకో చీటీ తీశాడు.

ఒళ్లు మండిపోతూ తిరిగొచ్చేసరికి అమ్మ ఒక్కతే ఇంకా చప్పట్లు కొడుతోంది.

"నువ్వు కూడా ఏంటమ్మా?" అని కసిరాను.

"కొట్టనియ్యవే. లెగుతాడేమో."

ఆ యాంకరు మీద కోపం నాకిప్పటికీ పోలేదు. తమ్ముడి సమాధి రాయి మీద మాత్రం "నిద్రించిన" అనే చెక్కించాను.