సుధాకర్ గారి శనివారం క్లాసు

నిన్న పొద్దున సుధాకర్ గారి భార్య విజయక్క ఫోన్ చేసింది.

"మీ సుధాకర్ గారు పోయారే."

రిపోర్టర్ అలవాటు కొద్దీ "ఎప్పుడు? ఎక్కడ?" అని అడిగాను. అడిగాక కుర్చీ వెతుక్కున్నాను.

గుండెపోటు. ఓక్‌విల్‌లో, వాళ్ళ ఇంట్లోనే.

ఇక్కడి మన తెలుగువాళ్ళలో చాలామందికి ఆయన వాటర్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరైన ఇంజినీర్‌గానే తెలుసు. ఆ తర్వాత చేసిన పని తక్కువమందికి తెలుసు. యుద్ధం నడుస్తున్న ఒక ఊళ్ళో నీళ్ళ సరఫరా, డ్రైనేజీ చూసే సిబ్బందికి ఆన్‌లైన్‌లో ట్రైనింగ్ ఇచ్చేవారు.

ఊరి పేరు రాయను. వాళ్ళు ఇంకా అక్కడే పనిచేస్తున్నారు.

ఒక చలికాలం మా బేస్‌మెంట్‌లో పైపు పగిలింది. ప్లంబర్ బాగుచేసి వెళ్ళాక నేను మెయిన్ వాల్వ్ తిప్పబోయాను. చూడ్డానికి వచ్చిన సుధాకర్ గారు చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఆగమ్మా రిపోర్టరూ! డెడ్‌లైన్ నీకు, పైపుకి కాదు. ముందు పైన బాత్రూమ్‌లో ట్యాప్ తెరిచి రా. గాలి పోనీ."

ఖాళీ పైపులోకి నీళ్ళు ఒక్కసారిగా వదిలితే ఆ దెబ్బకి అతుకు మళ్ళీ ఊడుతుందట.

ఆ ఊళ్ళో జరిగేది ఇదే. బాంబు పడి మెయిన్ లైన్ పగులుతుంది. సిబ్బంది అతుకు వేస్తారు. ఎదురుగా బకెట్లతో జనం. మళ్ళీ షెల్లింగ్ మొదలవుతుందన్న భయం. వాల్వ్ గబగబా తిప్పేస్తారు. అతుకు పోతుంది.

మళ్ళీ తవ్వాలి. మళ్ళీ అదే రోడ్డు మీద నిలబడాలి.

ఈ తప్పు మాన్పించడానికి, కెమెరా ముందు చేసి చూపించేలా ఆయన తన గ్యారేజీ నిండా పైపులు బిగించారు. కారు బయట మంచులో ఉండేది.

ఆ కోర్సు నడిపిన సంస్థ నిన్న సంతాప సందేశం పెట్టింది. "విజయవంతంగా ముగిసిన ప్రోగ్రామ్" అని రాసింది.

ఒక సవరణ. అది ముగియలేదు. సంస్థే ఆపేసింది.

కారణం అటెండెన్స్. క్లాసు అంతసేపూ కెమెరా ఆన్‌లో ఉంటేనే హాజరు అని రూల్. అక్కడ కరెంటు పోతుంది. సైరన్ మోగితే షెల్టర్‌లోకి పరుగెత్తాలి. పైపు పగిలితే క్లాసు వదిలి పైపు దగ్గరికి వెళ్ళాలి.

వాళ్ళకి నేర్పుతున్నది ఆ పనే కదా!

సంస్థతో ఆయన చివరిసారి మాట్లాడినప్పుడు నేను పక్కనే ఉన్నాను. "వాళ్ళు రాలేదంటే మానేసినట్టు కాదండీ, డ్యూటీలో ఉన్నట్టు" అన్నారు. పాలసీ ఒప్పుకోదని అటునుంచి జవాబు. ఎంతో మర్యాదగా చెప్పారు. మర్యాదకి ఎప్పుడూ లోటు లేదు.

ఆయన మానలేదు. ఫోన్‌లో గ్రూప్ పెట్టి, శనివారాలు సొంతంగా క్లాసు మొదలుపెట్టారు. అందుకోలేనివాళ్ళు తర్వాత చూసుకోవడానికి చిన్న వీడియోలు. తీసేది విజయక్క.

"మా పెళ్ళి వీడియో కూడా ఇంత క్లియర్‌గా లేదు. ఈయన పైపులకి మాత్రం క్లోజప్‌లు కావాలి" అని సణుగుతూనే తీసేది.

నిన్న సాయంత్రం నేను వాళ్ళింట్లో ఉండగా ఆయన ఫోన్‌కి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆ ఊరి పంప్ ఆపరేటర్ సమీర్. ఆయన పోయిన విషయం అతనికి తెలియదు.

"టీచర్, లైన్ అతికించాం. ముందు గాలి వదిలాం. వాల్వ్ నెమ్మదిగా తిప్పాం. అతుకు నిలబడింది. కానీ పక్కనే మురుగు లైన్ పగిలి ఉంది. శనివారం దాని గురించి చెప్తారా?"

నీళ్ళ లైన్‌లో ప్రెషర్ పడిపోతే ఆ మురుగు అందులోకే వెళ్తుంది. ఊరంతా తాగేది ఆ నీళ్ళే.

విజయక్క ఫోన్ నా చేతిలో పెట్టింది. "వార్తలు చెప్పడం నీ పనేగా. నువ్వే చెప్పవే."

చెప్పాను.

చాలాసేపటికి జవాబు వచ్చింది. మేమందరం టీచర్ కోసం ప్రార్థన చేశాం అన్నాడు. తర్వాత, కొంచెం తటపటాయిస్తూ, "శనివారం ఎవరైనా ఉంటారా?" అని అడిగాడు.

సంస్థవాళ్ళు సుధాకర్ గారి పేరు మీద అవార్డు పెడతామంటున్నారు. ఆయన అవార్డు అడగలేదు. రూల్ మార్చమన్నారు. అది ఇప్పటికీ మార్చవచ్చు.

ఇది చదువుతున్న మనవాళ్ళలో నీళ్ళ పని, మురుగు పని తెలిసిన ఇంజినీర్లున్నారు. ఎవరెవరో నాకు తెలుసు. పూలు పంపకండి. శనివారం గ్యారేజీకి రండి. కెమెరా విజయక్క పట్టుకుంటానంది.

సుధాకర్ గారూ, ఆ మురుగు లైన్ సంగతి మాకు వదిలేయండి.

ఇక ప్రశాంతంగా ఉండండి.