వెనక వరస నుంచి వచ్చిన మాట

నా చిన్నప్పుడు విదేశంలో, ఎటోబికో అనే ఊళ్ళో మేముండే అపార్ట్‌మెంట్లలో తెలుగువాళ్ళం మేమొక్కళ్ళమే. బళ్ళో నాకున్నది ఒక్కతే స్నేహితురాలు. టీచర్ నన్ను చదివే జట్టుకు లీడర్ని చేసిన వారమే ఆమెనూ పోగొట్టుకున్నాను. నేను పైకి చదువుతుంటే "ఒక లైన్ వదిలేశావు" అంది. "లీడర్ నువ్వా, నేనా?" అని జట్టులోంచి పంపేశాను. ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనం ఒక్కదాన్నే చేసేదాన్ని.

శనివారాలు అమ్మానాన్నలకు డ్యూటీ. నన్ను పక్కింటి తాతయ్య దగ్గర వదిలి వెళ్ళేవారు. ఆయన యూదులు. భార్య పోయాక ఒంటరిగా ఉండేవారు. శనివారం వాళ్ళకు పవిత్రమైన విశ్రాంతి రోజు కాబట్టి కారెక్కరు, లిఫ్ట్ బటన్ కూడా నొక్కరు. ఆరంతస్తులూ మెట్లు దిగి, మంచులో నడిపించి నన్ను తమ ప్రార్థనా మందిరానికి తీసుకెళ్ళేవారు. అక్కడ పెద్ద ఆయనే. ఎవరు ఎప్పుడు లేవాలో, ఎక్కడ కూర్చోవాలో అన్నీ ఆయన కనుసైగతోనే జరిగేవి. ఆడవాళ్ళ వైపు, తెర పక్కన కూర్చుని నేను తొంగి చూసేదాన్ని.

బళ్ళో ఆ గొడవ జరిగిన వారమే, ఆయన తమ పవిత్ర గ్రంథమైన తోరా చుట్టను బల్ల మీద విప్పి రాగం తీస్తూ చదువుతున్నారు. వెనక వరసలో కునుకు తీస్తున్నాడనుకున్న ఒక ముసలాయన, కళ్ళు తెరవకుండానే, అప్పుడే చదివిన మాటను మరోలా పలికాడు. తాతయ్య ఆగారు. వాదించలేదు. ఎవరన్నారని తల తిప్పి చూడనైనా లేదు. ఆ మాట సరిచేసి మళ్ళీ చదివి ముందుకు సాగారు. ఆయన తరఫున నాకే చెవులు వేడెక్కాయి.

తిరిగి వచ్చేటప్పుడు అడిగాను. "అందరి ముందూ అలా అంటే సిగ్గనిపించలేదా తాతయ్యా? అక్కడ బాస్ మీరే కదా!"

"బాస్‌నే. చదవమన్నారు, చదువుతున్నాను. ఆ మాటలు నావి కావుగా," అన్నారు. కాస్త నడిచాక నవ్వారు. "నిద్రలో కూడా వింటాడు ఆ మహానుభావుడు. ఆయన రాని రోజు నాకు చదవాలంటే భయం."

సోమవారం బళ్ళో నా స్నేహితురాలిని మళ్ళీ జట్టులోకి పిలిచి, వదిలేసిన లైన్ నుంచి మళ్ళీ చదివాను. ఆమె నవ్వలేదు. భోజనం దగ్గర మాత్రం పక్కనున్న సంచి తీసి నాకు చోటిచ్చింది.

ఇప్పుడు మిస్సిసాగాలో ఒక్కదాన్నే ఉంటున్నాను. పొద్దున్నే పేపర్ పైకి చదువుకోవడం అలవాటు. ఎక్కడో ఒక మాట తప్పుతుంది. ఆగుతాను. వెనక నుంచి ఎవరూ ఏమీ అనరు. కాసేపు చూసి, నేనే వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుతాను.