రెండు కార్డులు, గోడ మీద ముఖం

ఏ గ్రాఫిక్స్ కార్డు కొనమంటావని అడిగితే నేనిప్పుడు నీళ్లు నములుతాను. మునుపు అట్లా కాదు, అడగని వాళ్లకు కూడా చెప్పేదాన్ని. సూరత్ చీరల వ్యాపారులకు ప్రింటు డిజైన్లు గీసివ్వడం నా పని. వడోద్‌లోని మా గదిలో ఒక మూల కంప్యూటరు, ఇంకో మూల అమ్మ చీరలకు రాళ్లు అతికించే సామాను. కంప్యూటరులో బొమ్మల పని చూసే పాత కార్డు మెమరీ నాలుగు జీబీ. కొంగు మీద మరో వరస పూలు చేర్చి చూద్దామంటే తెర బిగుసుకుపోయేది, ఫ్యాను మూలిగేది, నేను తిట్టేదాన్ని.

కొత్తది పన్నెండు జీబీ. కరెంటు ఎక్కువ తాగుతుంది, దాని కోసం పవర్ సప్లై కూడా మార్చాల్సి వచ్చింది. అయితేనేం, చీర మొత్తం కుచ్చిళ్లతో సహా తెర మీద గిర్రున తిరుగుతుంది. ఫ్యాన్లు పెద్దవి కాబట్టి వేడెక్కదు, చప్పుడు అసలే లేదు. ఆ చప్పుడు లేకపోవడం మొదటి రోజుల్లో నాకు గొప్పగా ఉండేది. ఇప్పుడు దాని పక్కన కూర్చుంటే ఎవరో ఊపిరి బిగబట్టి నన్ను చూస్తున్నట్టు ఉంటుంది.

అది వచ్చిన కొత్తలోనే బాపు సంవత్సరీకం దగ్గరపడింది. బాపు ఊరి నుంచి సూరత్‌కు వచ్చిన నాటి నుంచి గుండె ఆగిన నాటి దాకా సాంచాల మీదే, అంటే మరమగ్గాల మీదే పనిచేశాడు. నూలుతో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఒకసారి సాంచెలోంచి ఎగిరొచ్చి ఎడమ కనుబొమ్మను చీల్చింది. అప్పటి నుంచి అది రెండు ముక్కలు. ఫొటో అంటే పారిపోయే మనిషి. కుదురుగా దొరికింది ఒక్కసారే, డుమస్ సముద్రం ఒడ్డున, అదీ నోట్లో టమాటా భజియాతో. ఒక బుగ్గ ఉబ్బి ఉంది, ఎండకు కళ్లు సగం మూసుకున్నాడు. దూరం నుంచి నా పాత ఫోన్‌తో తీసింది కాబట్టి ముఖం గోరంత.

"గీ ఫొటోనే పెద్దగ చెయ్యి బిడ్డా" అంది అమ్మ. "దినాం కండ్ల ముంగట ఉంటె యాదుంటడు. జర జర మొఖం మరిసిపోతున్న. నాకు బుగులైతాంది."

ఆమె అంత మాట అనడం నేనెప్పుడూ వినలేదు. అందుకే ఆ ఫొటోను రెండు కార్డుల మీదా వేసి చూశాను. ఒకే ప్రోగ్రాం వేస్తే రెండూ ఒకే బొమ్మనిస్తాయి, తేడా వేగంలోనే. కానీ ముఖాలను బాగుచేసే పెద్ద ప్రోగ్రాం పాతదాంట్లో పట్టనే పట్టదు, మెమరీ చాలదని మొరాయిస్తుంది. దాంట్లో నడిచేది చిన్న ప్రోగ్రాం, ఉన్నదాన్ని ఉన్నట్టే సాగదీసేది. చాలాసేపు మూలిగి మూలిగి, మసక మసకగా బాపును ఇచ్చింది. కొత్త కార్డు మీద పెద్ద ప్రోగ్రాం వేస్తే, నేను చాయ్ గ్లాసు కింద పెట్టేలోపు అయిపోయింది. ఎన్నెన్నో ముఖాలు చూసి నేర్చుకున్న ప్రోగ్రాం అది. కనబడని చోట ఏముండాలో తనే ఊహించి నింపేస్తుంది. తెగిన కనుబొమ్మను ఫొటోకు పడ్డ గీత అనుకుని అతికించింది. భజియా బుగ్గను రెండో బుగ్గకు సమం చేసింది, కళ్లు తెరిపించి అందులో మెరుపు కూడా పెట్టింది. నేను తెగిన కనుబొమ్మ కోసం వెతుక్కున్నాను. అమ్మ మాత్రం చాలాసేపు చూసి "మంచిగున్నడు" అంది. మంచిగున్నదాన్నే ఫ్రేము కట్టించి దండ వేశాం.

సంవత్సరీకానికి వచ్చిన వాళ్లు దాన్ని చూసి, మావి కూడా చెయ్యమని వెంటపడ్డారు. అందరూ మా తెలుగు ఊళ్ల వైపు నుంచి వచ్చి సాంచాల పనిలో పడ్డ వాళ్లే, అందరి దగ్గరా గోరంత ఫొటోలే. అందరికీ కొత్త కార్డు మీదే చేసిచ్చాను. కింది ఇంటి అక్క, పోయిన తన భర్త ఫొటో చూసుకుని నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "బతికున్నప్పుడు గింత సక్కగ ఎన్నడు లేకుండె పో" అంది.

కొన్నాళ్లకు ఆ ఇంటికే చాయ్‌కి పిలిస్తే వెళ్లాను. గోడ మీద ఆమె భర్త నా వైపు చూస్తున్నాడు. ఆ చూపు మా బాపుది. బాపుది కూడా కాదు, మా గోడ మీద ఉన్న వాడిది. అదే మెరుపు, అదే నున్నటి చర్మం, పెదవి చివర అదే చిన్న నవ్వు. చాయ్ సగంలో వదిలేసి వచ్చాను. తర్వాత పక్క వీధిలో ఒక ముసలామె ఫొటోలోనూ వాడే కనిపించాడు. చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని, నన్ను గుర్తుపట్టినట్టే చూశాడు. ఆ గల్లీల్లో నడవాలంటే నాకు భయం పట్టుకుంది. ఏ ఇంటి తలుపు తెరిచి ఉన్నా తల తిప్పుకుని పోయేదాన్ని. ఇంట్లో కళ్లు మూసుకుని బాపును తలుచుకున్నా ముందు వాడే వచ్చేవాడు.

ఇక ఉండబట్టలేక పాత కార్డు ఇచ్చిన మసక బొమ్మనే ప్రింటు తీసి అమ్మ చేతిలో పెట్టాను. గోడ మీద దీన్ని పెడదామన్నాను. అమ్మ దాన్ని చూసింది, తలెత్తి గోడను చూసింది, మళ్లీ చేతిలోది చూసింది.

"గీండ్ల మీ బాపు సక్కగ పడలేదు" అని తిరిగి ఇచ్చేసింది. నేను దాన్ని బీరువాలో పెట్టేశాను.

మొన్న పొద్దున రాళ్లు అతికిస్తూ ఉండి అమ్మ చేతులు ఆపింది.

"కలల మీ బాపు గొంతు ఇనబడ్డది. తలుపు తియ్యమన్నడు. ఉరికి పోయి తీసిన."

"బాపేనా?"

"గొంతు ఆయనదే. మొఖం చూస్తె ఎవలో."

వాడే అయి ఉంటాడని నేను గోడ వైపు చూపించాను. అమ్మ కూడా అటు చూసింది.

"గీ మొఖం కాదు. గీ మొఖమైతె నేను గుర్తువట్టనా? ఇంకెవలో అచ్చిండు బిడ్డా, కనుబొమ్మ తెగినోడు. మా ఆయన ఇంట్ల లేడని చెప్పి తలుపేసిన."