కాకినాడలో నేవీ కుర్రాళ్ళ కవాతు, గోంగూర వద్దన్న మా మేనల్లుడు

సంచిలో ఒక గళ్ళ చొక్కా, ఒక నల్ల ప్యాంటు, ఒక జత చెప్పులు. మొన్న డిసెంబరులో నేను కొవ్వూరు నుంచి కాకినాడ వెళ్ళింది ఆ సంచి మోసుకుపోవడానికే. మా అక్క కొడుకు దయాకర్ ఇంటరు అయ్యాక నేవీలో చేరాడు. శిక్షణ ఒడిశాలో. వెళ్ళి నాలుగు నెలలు దాటింది. ఆ మధ్య ఫోను చేసి, “అమ్మా, నన్ను బ్యాండులో వేశారు” అన్నాడట. ఆ తర్వాత మాటలు ముద్దముద్దగా వచ్చి, మధ్యలో ఆగిపోయి, ఫోను పెట్టేశాడట. వాడు ఏడ్చాడని అక్క తీర్మానించేసింది. మాది లూథరన్ చర్చి కుటుంబం. వాడు చిన్నప్పటినుంచీ చర్చిలో డ్రమ్ములు వాయించేవాడు. క్రిస్మస్ నెలలో వీధులు తిరిగే పాటల బృందంలో ముందు నడిచేది వాడే. ఆ వాయింపుల గోల మాన్పించి ఉద్యోగానికి పంపితే అక్కడా చేతికి డ్రమ్మే ఇచ్చారంటే, శిక్షణకు పనికిరాని వాళ్ళని పక్కకు తోసి బ్యాండులో పడేస్తారు కాబోలని అక్క భయం.

సరిగ్గా అప్పుడే పేపర్లో ఒక మూల చిన్న వార్త వచ్చింది. శిక్షణలో ఉన్న కుర్రాళ్ళ బ్యాండూ, కవాతు జట్లూ కాకినాడలో ప్రదర్శన ఇస్తున్నాయని. అక్క ఆ కాగితం చింపి నా చేతిలో పెట్టింది. “మీ బావ కోతల మీదున్నారు, రాలేరు. నువ్వెళ్ళి వాణ్ణి చూడరా. ఇంటికి వచ్చేస్తావా అని ఒక్కమాట అడుగు. వస్తానంటే ఈ బట్టలు తొడిగి నీతోపాటే తీసుకొచ్చెయ్. ఆ తెల్లబట్టల్తో రైలెక్కితే పట్టేసుకుంటారు” అంది. ఇలాంటి ఉద్యోగాల్లోంచి చొక్కా మార్చుకుని వచ్చేయడం కుదరదని చెప్పి చూశాను. “ముందు నువ్వు అడుగు, కుదరడం సంగతి తర్వాత” అంది. మా అక్కతో వాదించి గెలిచినవాడు మా ఇంట్లో ఇంకా పుట్టలేదు.

కొవ్వూరులో పొద్దున ఏడున్నర ప్రాంతంలో ప్యాసింజరు ఎక్కాను. కాకినాడకు రాజమండ్రి నుంచి నేరుగా బస్సులున్నాయి కానీ, కొవ్వూరు వాళ్ళకు సామర్లకోట దాకా ప్యాసింజరు చవక, కూర్చునే చోటూ దొరుకుతుంది. టికెట్టు పదిహేను రూపాయల లోపే. వంతెన మీద అందరిలాగే నేనూ మాట ఆపి నీళ్ళు చూశాను. కడియం నర్సరీలో పనిచేసే ఒక పెద్దమనిషి గులాబీ అంట్ల బుట్టతో ఎక్కి నా ఎదురుగా కూర్చున్నారు. మాటల్లో నా ప్రయాణం సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, “నేవీలో బ్యాండేంటండి? ఓడ మునిగిపోతుంటే వాయించడానికా?” అని అడిగారు. నాకూ తెలియదన్నాను. “ఏ పనికైనా మనిషిని ఊరికే పెట్టుకోరండి. ఏదో ఉంటుంది” అని ఆయనే ధైర్యం చెప్పారు. ఆ ఏదో ఏమిటన్నది మాత్రం బిక్కవోలు దాటినా మా ఇద్దరికీ తట్టలేదు.

సామర్లకోటలో దిగేసరికి పది కావస్తోంది. స్టేషను బయట ఇడ్లీ తిని షేరు ఆటో ఎక్కాను. మనిషికి పది రూపాయలు, అరగంట పైన ప్రయాణం. నేవీ అనగానే డ్రైవరు, “అయితే పోర్టు గేటేనండి, ఇంకెక్కడుంటారు?” అని అటే తీసుకెళ్ళాడు. నాకూ అది సబబుగానే తోచింది. నేవీ అంటే ఓడ, ఓడ అంటే పోర్టు. గేటు దగ్గర కాపలా మనిషి మా ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. “ఓడా లేదు, ఏమీ లేదండి. వాళ్ళు బస్సుల్లో వచ్చారు. కల్యాణ మండపంలో దిగారు” అన్నాడు. నీళ్ళమీద తిరగాల్సిన వాళ్ళు బస్సులో రావడమేమిటో, వచ్చి పెళ్ళిళ్ళ హాల్లో దిగడమేమిటో అర్థం కాక సంచి భుజం మార్చుకుని మళ్ళీ అదే ఆటో ఎక్కాను. డ్రైవరు ఇంకో పది తీసుకున్నాడు. పాపం, తప్పు తనది కాదు కదా అని ఇచ్చేశాను.

మండపం గుమ్మంలో ‘శుభ వివాహం’ అట్ట ఇంకా తియ్యలేదు. దాని కింద తెల్ల యూనిఫారంలో ఒక నేవీ మనిషి నిటారుగా నిలబడి ఉన్నాడు. విశాఖ వైపు మనిషి, తెలుగువాడే. ఎవరి కోసం వచ్చానో చెబితే మర్యాదగానే మాట్లాడాడు కానీ లోపలికి వదల్లేదు. “ప్రదర్శన అయ్యేదాకా కలవనివ్వరండి. అయ్యాక బస్సు దగ్గరికి రండి, పది నిమిషాలు ఇప్పిస్తాను” అన్నాడు. సరేనని వెనక సందులోకి తిరిగితే వంటశాల. పొద్దున్నే పని ముగించేసిన వంటమాస్టారు అరుగు మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నారు. ఆయన్ని పలకరించడమే నేను ఆ రోజు చేసిన పెద్ద పొరపాటు.

“పిల్లలు బంగారాలండి” అన్నారాయన. “ఉత్తరాది పిల్లలు కూడా రాత్రి మన వంకాయ కూర రెండేసి సార్లు వేయించుకున్నారు. కానీ ఒక సంగతి నాకు మనసుకి పట్టలేదండి. ఒకబ్బాయి మన తెలుగబ్బాయే. కొవ్వూరు దగ్గరంట. గోంగూర పచ్చడి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టేశాడు. నెయ్యి వేసిస్తాను బాబూ అన్నాను. వద్దన్నాడు. పెరుగన్నం తిని లేచిపోయాడు.”

దయాకర్ గోంగూర వద్దనడమా! జ్వరం వచ్చి మంచం మీదున్నప్పుడు కూడా దొంగతనంగా జాడీ మూత తీసినవాడు. ఇంటి మీద బెంగ ఏ స్థాయికి వెళితే గోదావరి కుర్రాడు గోంగూరకు చెయ్యి అడ్డం పెడతాడో లెక్క వేసుకున్నాను. అక్క అనుమానమే నిజం. వీణ్ణి ఇవాళ వదిలేసి వెళితే మనిషి మిగలడు. కుదరదని ఎవరన్నా సరే, ఆ పెద్ద ఆఫీసరు కాళ్ళావేళ్ళా పడైనా సరే తీసుకుపోవాలని అరుగు మీదే నిశ్చయించుకున్నాను. మధ్యాహ్నం ఒక మెస్సులో భోజనం చేశాను. బాగుందో లేదో గుర్తు లేదు. వెళ్ళేవాళ్ళు ఇంకెవరినైనా అడగండి.

ప్రదర్శన బీచి దారిలోని మైదానంలో, నాలుగున్నరకు. ప్రవేశం ఉచితం. నేను ముందే వెళ్ళి తాడు పక్కన చోటు పట్టుకున్నాను. మొదట బ్యాండు వచ్చింది. వెనక జెండాలు మోసే జట్టు, ఆ వెనక తుపాకులు పట్టిన జట్టు. అందరికీ ఒకే తెల్లబట్టలు, ఒకే టోపీ, ఒకే కత్తిరింపు. ఒకే వయసు కూడానేమో. డ్రమ్ములు వాయించే వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే వెతికాను. దయాకర్ లేడు. చివరివాడేమోనని అటు పరుగెత్తి చూస్తే వాడెవరో ఉత్తరాది కుర్రాడు. పోనీ జెండాల్లోకి మార్చారేమోనని అక్కడ చూశాను. తుపాకుల జట్టు ఒక్క ఆజ్ఞ కూడా లేకుండా, కనీసం దగ్గు కూడా లేకుండా తుపాకులు గిరగిరా తిప్పి ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి విసురుకుంటుంటే జనం నోళ్ళు తెరిచారు. నాకు మాత్రం ఒక్క మొహమూ ఆనలేదు. జబ్బు చేసి మండపంలోనే వదిలేశారేమో అనుకున్నాను. మైకులో హిందీలో ఏదో చెబుతున్నారు. దాన్ని తెలుగు చేసే ఊరి మాస్టారు “ఇప్పుడు కుర్రాళ్ళు చాలా బాగా చేస్తారండి” అని మాత్రమే అంటున్నాడు.

పొద్దు వాలుతుండగా బ్యాండు ఆగింది. అందరూ కొయ్యబారిపోయినట్టు నిలబడ్డారు. మైదానానికి పడమటి వైపు మేడ మీద ఒక కుర్రాడు బ్యూగిల్ బాకా ఎత్తాడు. సూర్యుడు వాడి వెనకే ఉండడంతో మనిషి నల్లటి ఆకారం తప్ప ఏమీ కనపడటం లేదు. ఒక్కడే వాయించాడు. ఆ స్వరం మెల్లగా లేచి, ఒకచోట చాలాసేపు నిలిచి, స్తంభం మీది జెండాతోపాటు కిందికి దిగింది. మధ్యాహ్నం నుంచీ నాలో ఉన్న దిగులంతా వాడికెవరో చెప్పినట్టు వాయించాడు. నా కళ్ళు చెమర్చాయి. ఎందుకో నాకే తెలియదు.

ఆఖరి స్వరం ఆగిందో లేదో, నా పక్కనున్న ఉత్తరీయం పెద్దాయన “వన్స్ మోర్!” అని కేక పెట్టారు. మా జిల్లాల్లో ఇది రక్తంలో ఉంది. నాటకంలో పద్యం బాగా ఎత్తితే వన్స్ మోర్ పడాల్సిందే. చచ్చిపడిన పాత్ర కూడా లేచి పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోతుంది. నేనూ గొంతెత్తి “వన్స్ మోర్!” అన్నాను. మైదానమంతా అందుకుంది. సెల్యూట్‌లో ఉన్న ఆఫీసరు కదల్లేదు. కుర్రాళ్ళు రెప్ప వెయ్యలేదు. మేడ మీద కుర్రాడు బ్యూగిల్ చంకలో పెట్టుకుని విగ్రహంలా నిలబడ్డాడు. మేం ఇంకా గట్టిగా అరిచాం. చివరికి మాస్టారు మైకు లాక్కుని, “దయచేసి ఆపండి బాబూ! జెండా దిగిపోయింది. దిగిన జెండాకి మళ్ళీ వాయించరంట!” అన్నాడు. అందరం తలలు దించుకున్నాం. పెద్దాయన మాత్రం, “బాగుందని చెప్పడం కూడా తప్పేనా?” అని గొణిగారు.

బస్సు దగ్గర విశాఖ మనిషి మాట నిలబెట్టుకున్నాడు. వరసలోంచి ఒక నల్లబడ్డ, సన్నబడ్డ కుర్రాడు నా వైపు నడిచి వచ్చాడు. “మావయ్యా!” అన్నాక గానీ పోల్చుకోలేదు.

“ఎక్కడున్నావురా? డ్రమ్ముల దగ్గర వెతికి వెతికి కళ్ళు పోయాయి!”

“మేడ మీదున్నాను.”

వాడే చెప్పాడు. “డ్రమ్ములు వచ్చని తీసుకున్నారు. తీరా చూస్తే డ్రమ్ములకి చాలామంది ఉన్నారు. బ్యూగిల్ చేతికిచ్చి నేర్చుకోమన్నారు.”

“పనికిరాని వాళ్ళని ఇందులోకి తోసేస్తారని మీ అమ్మ ఏడుస్తోందిరా.”

“తోసెయ్యడమేంటి! పరుగు, ఈత, క్లాసులు, అందరితోపాటు అన్నీ చెయ్యాలి. వాళ్ళు రెస్టు తీసుకునేటప్పుడు మేం ఇది ప్రాక్టీసు చెయ్యాలి.”

“మరి ఫోన్లో ఏడ్చావంట?”

“కొత్తలో బ్యూగిల్ ఊదితే పెదాలు చిట్లి వాచిపోతాయి మావయ్యా. మాట రాలేదు.” బస్సు వైపు చూశాడు. “కొంచెం ఏడ్చాన్లే. అమ్మకి చెప్పకు.”

అప్పుడు చూశాను వాడి పెదవులు. పగిలి ఎండిపోయి, మధ్యలో ఎర్రగా తడి. గోంగూర సంగతి ఒక్కసారిగా వెలిగి, నడిరోడ్డు మీద పిచ్చివాడిలా నవ్వాను. వాడికేమీ అర్థం కాలేదు.

“వన్స్ మోర్ అంది నువ్వేగా?” అన్నాడు. “చర్చిలో పాట ఎత్తుకునే గొంతు నాకు తెలీదా? నవ్వొచ్చేసింది. నవ్వితే పనిష్మెంటు. బిగబట్టుకుంటే ఇదిగో, మళ్ళీ చిట్లింది.”

పది నిమిషాలూ అయిపోవస్తున్నాయి. సంచి వాడి చేతిలో పెట్టాను. “మీ అమ్మ అడగమంది. ఇంటికి వచ్చేస్తావా?”

వాడు చొక్కా బయటికి తీసి మొహానికి ఆనించుకున్నాడు. చాలాసేపు తియ్యలేదు. తర్వాత అడిగాడు. “మావయ్యా, నేనని తెలీకుండానే అన్నావా వన్స్ మోర్?”

“నువ్వని తెలిస్తే కదురా! ఎవరో మహానుభావుడు అనుకున్నాను.”

వాడు చొక్కా మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు. “ప్యాంటూ చెప్పులూ తీసుకెళ్ళిపో. చొక్కా ఉంచుకుంటాను. ట్రైనింగ్ అయ్యాక సెలవుకి ఇదేసుకుని వస్తానని అమ్మకి చెప్పు.” బస్సు ఎక్కేశాడు. ఎక్కాక వెనక్కి చూడలేదు. చూడకూడదో, చూడలేడో నాకు తెలియలేదు.

కాకినాడ బస్‌స్టాండులో రూపాయి ఫోను నుంచి అక్కకు చేశాను. “వస్తున్నాడా?” అంది ఎత్తగానే. “చొక్కా ఉంచుకున్నాడు. ప్యాంటు నా దగ్గరే ఉంది” అన్నాను. “అదేంటిరా, సగం వస్తాడా?” అంది. ఉన్నదంతా చెప్పాను, ఒక్క ఏడుపు సంగతి తప్ప. ఇంకో రూపాయి వేశాక, “పెదాలకి వెన్న రాసుకోమన్నావా?” అని అడిగింది. అనలేదని చెప్పి తిట్లు తిన్నాను.

రాజమండ్రి బస్సులో కూర్చున్నాక కూడా నాకు చాలా సంగతులు తేలలేదు. ఓడ ఎక్కబోయే కుర్రాళ్ళకు ఇంత వాయింపు, ఇంత కవాతు ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. వాణ్ణి తీసుకురావడానికి వెళ్ళినవాణ్ణి, వాడు ఉండిపోవడానికి నేనే కారణమయ్యానా అన్నదీ తెలియదు. నాలుగు నెలలుగా వాణ్ణి చూసినవాళ్ళందరూ తప్పులే చూశారేమో. వాడి పేరు తెలియని ఒక గొంతు మాత్రం “బాగుంది, మళ్ళీ వాయించు” అంది. ఆ గొంతు నాదైనందుకు ఒళ్ళో సగం ఖాళీ అయిన సంచి పెట్టుకుని దారంతా సంతోషపడ్డాను, బెంగా పడ్డాను.

ఇలాంటి ప్రదర్శనకు వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. పొద్దు వాలాక బ్యూగిల్ మోగి జెండా దిగుతుంటే లేచి నిలబడండి. చప్పట్లు వద్దు, వన్స్ మోర్ అసలే వద్దు. మేడ మీదున్నది మీవాడేమో, నవ్వు బిగబట్టుకుంటే పెదవి చిట్లుతుంది.