వల ఒడ్డుకు రాకముందు

దెయ్యాలూ గియ్యాలూ అంటే నాకు నవ్వు. అంబులెన్సులో ఉద్యోగం చేసేదాన్ని, అలాంటివి నమ్మితే ఈ పని ఎప్పుడో మానేసి ఇంట్లో కూర్చునేదాన్ని. మిమ్మల్నీ నమ్మమనను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

ముందు నా ఒంటి సంగతి చెప్పాలి. మా పనికి మందుల తెలివి ఎంత కావాలో, నడుములో సత్తువ కూడా అంతే కావాలి. రొయ్యల గుంటల గట్ల మీద మనిషిని మోసుకుంటూ నడిస్తే తెలుస్తుంది. అందుకే రోజూ పొద్దున్నే బియ్యం బస్తా భుజాన వేసుకుని మేడ మెట్లు ఎక్కి దిగుతాను. బస్తాలు మోసే పిల్లని ఎవరు చేసుకుంటారని మా అమ్మ ఒకటే గోల. స్ట్రెచర్ తలవైపు బరువెక్కువ. అది నాది. కాళ్లవైపు మా డ్రైవర్ శీనన్నది.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం ఇందుకూరుపేట మండలంలోని ఒక సముద్రపు పల్లె నుంచి ఫోనొచ్చింది. అలివి వల లాగుతూ పోలయ్య అనే ఆయన గుండె పట్టుకుని పడిపోయాడట. ఆ వలని పడవలో తీసుకెళ్లి సముద్రంలో వేసి, రెండు జట్లు ఒడ్డున నిలబడి తాళ్లతో లాగుతాయి. ఒక జట్టులో అందరికన్నా ముందు నిలబడి తాడు పట్టే ముందుతాడు మనిషి పోలయ్య. ఆయన పడగానే అందరూ తాళ్లు గుంజలకు కట్టేసి పరిగెత్తుకొచ్చారు. వల నీళ్లలోనే ఉండిపోయింది.

అంబులెన్సు ఇసుకలోకి రాదు. రోడ్డు మీద ఆపి, స్ట్రెచర్ మోసుకెళ్లాం. పోలయ్య బక్కపల్చటి మనిషి. నాడి ఉంది, కానీ బలహీనంగా ఉంది. ఆక్సిజన్ పెట్టి, బెల్టులు బిగించి ఎత్తాం.

లేవలేదు.

కాళ్లు సర్దుకుని మళ్లీ ఎత్తాం. ఊహూఁ. ఇసుకలో ఏమైనా ఇరుక్కుందేమోనని వంగి కింద చెయ్యి పెట్టి చూశాను. ఏమీ లేదు. నలుగురు బెస్త కుర్రాళ్లు తలో మూల పట్టారు. పడవల్ని తోసే చేతులవి. అయినా స్ట్రెచర్ జానెడు కూడా లేవలేదు. శీనన్న నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఇన్నాళ్లూ ఆ బస్తాలు మోసింది ఎందుకు మరి?

పోలయ్య భార్య రమణమ్మ అప్పటిదాకా ఆయన పాదాలు పట్టుకుని కూర్చుంది. మెల్లగా నాతో అన్నది:

"వల నీళ్లలో ఉండంగా ఆయన రాడు పాపా. ముందుతాడు మనిషి. వల లాగనీ."

అవతల ప్రాణం పోతుంటే వలేమిటమ్మా అని కసిరాను. ఆవిడ జట్ల వైపు చూసింది. వాళ్లు తాళ్ల దగ్గరికి పోయారు. ఆయన స్థానంలో ఆవిడే నిలబడి ముందుతాడు పట్టుకుంది. వాళ్లు లాగుతున్నంతసేపూ నేను చేయగలిగింది ఆయన నాడి పట్టుకుని కూర్చోవడమే. అది సన్నబడుతూనే ఉంది.

వల చివరనుండే చేపల సంచి ఇసుక మీదికి వచ్చింది. ఇద్దరం మళ్లీ పట్టాం. స్ట్రెచర్ ఎంత తేలిగ్గా లేచిందంటే నేను వెనక్కి తూలాను. పరుగున అంబులెన్సు దగ్గరికి తీసుకుపోయాం. రమణమ్మ కూడా ఎక్కింది.

దారిలో ఆయన కళ్లు తెరిచి, మాస్కు లోపల నుంచి అడిగాడు.

"వల?"

"ఒడ్డుకొచ్చింది అన్నా" అన్నాను.

అంతే, నాడి ఆగింది. ఆస్పత్రి గేటు దాకా ఛాతీ నొక్కుతూనే ఉన్నాను. నా చేతులు అలిసిపోలేదు. అలిసిపోయినా బాగుండేది. లోపలికి తీసుకుపోయాక డాక్టరు గారు తల అడ్డంగా ఊపారు.

తర్వాత ఆ స్ట్రెచర్‌ని మెకానిక్కులకు విప్పి చూపించాం, ఏ లోపమూ లేదన్నారు. ఆ వారమే పోలయ్యకు రెండింతలున్న మనిషిని నేనూ శీనన్నా మెట్ల మీదుగా దించాం. నేను ఆ మాట ఎత్తితే శీనన్న లేచి వెళ్లిపోతాడు. పోలయ్యే వల కోసం ఆగాడా, నీళ్లలోని వల బరువు ఆయన్ని పట్టుకుందా, నాకు తెలియదు. వల రాకముందే ఎత్తగలిగి ఉంటే బతికేవాడా అన్నదీ తెలియదు.

బస్తా మోయడం మాత్రం మానలేదు. పొద్దున భుజాన ఎత్తుకునే ముందు ఒక్క క్షణం ఆగుతాను, లేస్తుందో లేదో అని.