అర్పాలో దించిన పడవ

పడవ మొదటిసారి నీళ్ళలో దిగిన రోజున నాకు భయం కంటే నిద్రే ఎక్కువగా ఉంది. రైల్వే ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి, తెల్లచీరైనా మార్చుకోకుండా అత్తతో రిక్షా ఎక్కి ఊరి చివర కోని వైపు అర్పా నది ఒడ్డుకు బయల్దేరాను. మా ఆయనా, పక్క క్వార్టర్లో ఉండే రైలింజను డ్రైవరూ పడవని ఎడ్లబండి మీద వేసుకుని అప్పటికే వెళ్ళిపోయారు. శ్రావణమాసం. ఎడతెగకుండా కురిసిన వాన ముందురోజే తెరిపిచ్చింది. దారి పొడుగునా అత్త కొబ్బరికాయ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే నేను కునికిపాట్లు పడుతున్నాను. రిక్షా కుదిపినప్పుడల్లా కళ్ళు తెరిచి "ఇంకా రాలేదా?" అనడం, మళ్ళీ మూసుకోవడం.

ఆ పడవ ఎందుకు పుట్టిందో ముందు చెప్పాలి.

మా ఆయన వేగన్ల షెడ్డులో ఫిట్టరు. ఒక చలికాలం పొద్దున జాకీ జారి ఇనుప దిమ్మ ఎడమ పాదం మీద పడింది. ఎముకలు అతుక్కున్నాయి గానీ పాదం మునుపటిలా వంగలేదు. వేగను కింద దూరి పని చెయ్యలేరని లైట్ డ్యూటీ ఇచ్చారు. అంటే సామాన్ల గది ముందు కుర్చీ. అడిగినవాళ్ళకి స్పానరు ఇవ్వడం, సాయంత్రం తిరిగి తీసుకోవడం. ఇంటికొచ్చి చేతులు తిప్పి చూసుకునేవారు. "ఇయ్యాల కూడా కడుక్కునేంత మురికి పట్లేదే" అనేవారు. వార్డులో రోజంతా రోగులతో మాట్లాడి వచ్చాక ఇంట్లో ఇంకొకరికి ధైర్యం చెప్పేంత మాట మిగిలేది కాదు.

మా అత్తది భీమిలి పక్కన సముద్రపు ఊరు. ఆవిడ తండ్రి పడవలు కట్టేవాడట. మామయ్య రైల్వేలో చేరి బిలాస్‌పూర్ రావడంతో ఆ సంగతులన్నీ అక్కడే ఉండిపోయాయి. మా ఆయన పుట్టడం పెరగడం ఇక్కడి రైల్వే కాలనీలోనే. సముద్రాన్ని సెలవుల్లో చూడటమే. ఈత రాదు. అలాంటి మనిషి ఒక ఆదివారం కోత మిల్లు నుంచి సాల చెక్క పలకలు తెచ్చి పెరట్లో దించి, "పడవ కడతాను" అన్నారు.

"ఏటి?" అన్నాను. నిజంగానే సరిగా వినపడలేదనుకున్నాను.

"పడవే."

"అందులో ఎక్కడికెళ్దామనండీ?"

"ఎక్కడికీ కాదు. కడతాను. అంతే."

అంతే అన్నది ఏడాది దాటింది. షెడ్డు నుంచి రాగానే చొక్కా విప్పి పెరట్లోకి పోయేవారు. చిత్రిక పట్టిన పొట్టు అన్నంలోకి ఎగిరొచ్చేది. పలకల మధ్య సందుల్లో నూలుతాడు కూరి పైన తారు కాచి పోసేవారు. బట్టలు ఆరేసుకోడానికి చోటు లేదు, ఆరేస్తే వాటికి తారు వాసన. మా పాప స్కూలు నుంచి వస్తూనే పడవ చుట్టూ ఒకసారి తిరిగి, "నాన్నా, యే తైరేగీ క్యా?" అని అడిగేది. తేలుతుందో లేదో నాన్నకీ తెలియదు. "సూద్దాం" అనేవారు.

ఒక సంగతి మాత్రం నాకు అప్పుడే వింతగా తోచింది. పడవ వెడల్పుని ఆయన నది చూసి తేల్చుకోలేదు, మా పెరటి తలుపు చూసి తేల్చుకున్నారు. తలుపులోంచి బయటికి రాకపోతే కట్టి ఏం లాభం అన్నారు. నిజమే. అలా అది సన్నగా, ఎత్తుగా, గోడవార నిలబెట్టిన బీరువాలా తయారయింది.

ఎండిన పలకలు నీళ్ళు తాగి ఉబ్బితేనే సందులు మూసుకుంటాయని అత్త చెప్పింది. దాంతో జ్యేష్ఠం అంతా పడవలో నీళ్ళు పొయ్యడం నా వంతయింది. కుళాయి పొద్దున కాసేపే వచ్చేది. ముందు వంటకి, తరవాత స్నానాలకి, మిగిలితే పడవకి. డ్యూటీ నుంచి వచ్చి బకెట్టు మీద బకెట్టు మోసి పోస్తుంటే అది సగం నీళ్ళు కింద నుంచి వదిలేసేది. రోజులు గడిచేకొద్దీ వదలడం తగ్గింది. చివరికి ఒకనాడు పోసిన నీళ్ళు పోసినట్టే నిలిచాయి. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని కింద అంతా చేత్తో తడిమి చూసి, పొడి చెయ్యి నాకు చూపించారు. అంత సంతోషం ఆయన మొహంలో చూసి చాలా కాలమైంది. నాకు మాత్రం నడుం పట్టేసి ఉంది.

ఇంతకీ ఆ పొద్దున ఒడ్డున రిక్షా దిగేసరికి అర్పా ఎర్రగా, బురదగా పారుతోంది. ఎండాకాలంలో నడిచి దాటే నది. లారీలు దిగి ఇసుక తవ్వుకుపోయే నది. ఆ గోతులన్నీ ఇప్పుడు నీళ్ళ కింద ఉన్నాయి, ఎక్కడెక్కడున్నాయో పైకి తెలియదు. నేను ఇంటి నుంచి పొడుగాటి తాడు తీసుకెళ్ళాను. పడవ వెనక కట్టి ఒక కొస ఒడ్డున చెట్టుకి కట్టమన్నాను.

"తాడు కట్టి తిప్పడానికి అదేటి, మేకా?" అన్నారు ఆయన.

"మీకు ఈత రాదు."

"ఈతొస్తే పడవెందుకే?"

డ్రైవరు మా ఇద్దరినీ చూసి నవ్వాడు. ఇక్కడికి దగ్గర్లోనే కర్గీ రోడ్ పక్క పల్లెలో పుట్టిన మనిషి, ఏళ్ళ తరబడి మా పక్కింట్లో ఉండటంతో తెలుగు కాస్త మాట్లాడేవాడు. "భాభీ, నేనున్నాను కదా, ఫికర్ మత్ కరో" అన్నాడు. అతనికి ఈత వచ్చు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఊరుకున్నాను. తాడు ఒడ్డునే చుట్టగా పడి ఉంది. అత్త పడవ ముక్కుకి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టింది.

డ్రైవరు ముందు, ఆయన వెనక. ఒడ్డు వదలగానే పడవ తేలింది. ఒక్క చుక్క లోపలికి రాలేదు. ఆయన తెడ్డు పైకెత్తి మా వైపు ఊపారు. అలా ఊపడానికి ఒక పక్కకి ఒరిగారు, పడవా ఆ పక్కకి ఒరిగింది. సర్దుకోబోయి రెండో పక్కకి ఒరిగారు. ఈలోగా ప్రవాహం దాన్ని అడ్డంగా తిప్పి ఇసుక మేట మీదికి నెట్టింది. అడుగు తగిలి ఆగిపోయింది, పైభాగం మాత్రం ఆగలేదు. చూస్తుండగానే బోర్లా పడింది.

డ్రైవరు ఆ మేట మీదే నడుం లోతులో లేచి నిలబడ్డాడు. ఆయన లేవలేదు. మేట అంచున గొయ్యి ఉంది, అందులో పడ్డారు. నేను చీరతోనే నీళ్ళలోకి పరిగెత్తాను. నాకూ ఈత రాదన్న సంగతి మోకాళ్ళు దాటాక గుర్తొచ్చింది. వెనక నుంచి అత్త "ఎల్లకే అమ్మీ, నువ్వెల్లకే!" అని అరుస్తోంది. డ్రైవరు మునిగాడు, తేలాడు, మళ్ళీ మునిగాడు. ఈసారి ఆయన చొక్కా కాలరు పట్టుకుని పైకొచ్చాడు.

ఒడ్డుకి లాగాక ఆయన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టాను. నోట్లో మట్టి తీశాను. దగ్గుతూ నీళ్ళన్నీ కక్కారు. నాడి చూశాను, గోళ్ళ రంగు చూశాను. వార్డులో ఎవరికైనా చేసే పనులే ఇవి. చేతులు వాటంతట అవే చేశాయి. కాసేపటికి లేచి కూర్చుని, "పడవేదీ?" అని అడిగారు.

నేను తిట్టాలి. ఏడవాలి. రెండింటికీ ఒంట్లో శక్తి లేదు. ఆసుపత్రికి వెళ్ళి ఒకసారి ఛాతీ చూపించుకుందాం అని మాత్రం అన్నాను. బండివాడు ఎడ్లని కట్టేదాకా అని ఇసుకలో కూర్చున్నాను. కూర్చున్నదాన్ని అక్కడే నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది, నా మొహం మీద మాత్రం నీడ ఉంది. ఆయన తడి చొక్కా విప్పి నా తల పైన రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉన్నారు. "లేపకూడదేటండీ?" అన్నాను. "అమ్మ వొద్దన్నాది" అన్నారు.

ఆసుపత్రిలో ఛాతీ చూసి భయం లేదన్నారు. పడవ చాలా దూరం కొట్టుకుపోయి తుప్పల్లో చిక్కుకుంది. డ్రైవరే వెతికి ఇంటికి చేర్చాడు. పెరట్లో బోర్లించాం. కాలనీలో కొందరు ఆయన్ని కెప్టెన్ సాబ్ అని పిలవడం మొదలుపెట్టారు. ఆయనకి ఇక షెడ్డులో కుర్చీ, ఇంట్లో మంచం. పెరటి వైపు తలుపు కూడా తీసేవారు కాదు. ఏడాది పాటు సుత్తి చప్పుడికి విసుక్కున్నదాన్ని, ఇప్పుడా చప్పుడు లేక ఇంట్లో ఉండలేకపోయాను. డ్యూటీ నుంచి వస్తూ గేటు దగ్గరే కాళ్ళు ఈడ్చేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం వచ్చేసరికి పెరటి తలుపు తీసి ఉంది. బట్టలు నానబెట్టే తొట్టిలో నిండా నీళ్ళు, వాటి మీద ప్లాస్టిక్ సబ్బుపెట్టె తేలుతోంది. ఆయన పక్కన పీట వేసుకుని దాన్ని వేలితో ఒక పక్కకి నొక్కుతున్నారు. బోల్తా పడింది. తీసి అందులో గులకరాళ్ళు వేసి మళ్ళీ నొక్కారు. ఈసారి ఊగి నిలబడింది.

నేను చెప్పులు విప్పకుండానే అడిగాను: "మళ్ళీ ఎప్పుడు దించుతారు?"

ఆయన ఉలిక్కిపడ్డారు. "నీకు మతిపోనాదా? ఆ రోజు సాలదా?"

"ఇలా కూర్చున్న మనిషిని చూస్తూ ఉండలేనండీ. దించండి. కానీ నేను చెప్పినట్టు."

"నువ్వు చెప్పినట్టంటే?"

"తాడు ఉండాలి. లారీ ట్యూబులు ఉండాలి. దించేముందు అడుగంతా గెడతో చూడాలి. నది నెమ్మదించేదాకా ఆగాలి. నేనూ ఎక్కుతాను."

"నువ్వెందుకే?"

"ఒడ్డున నిలబడి చూసే ఓపిక నాకు లేదు."

ఆయన సబ్బుపెట్టెలో ఇంకో గులకరాయి వేసి నొక్కి చూశారు. తరవాత "అచ్ఛా" అన్నారు.

దసరాకి ముందు, ఆశ్వయుజంలో నీళ్ళు తేటపడ్డాయి. ఈసారి నది వంపు తిరిగి మందంగా పారే చోటు వెతికారు. డ్రైవరూ ఆయనా పొద్దున్నే వెళ్ళి వెదురు గెడతో ప్రతి గజమూ పొడిచి చూశారు. గోతులున్న చోట కర్రలు పాతి గుడ్డలు కట్టారు. పడవ అడుగున ఇసుక బస్తాలు పరిచారు. తాడు కట్టారు, కొస డ్రైవరు నడుముకి చుట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు. నేను ట్యూబులో దూరి, దాని మీదుగా చీర కొంగు దోపుకుని కూర్చుంటే అత్త ఒడ్డు నుంచి చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆవిడ నవ్వడం నాకు గుర్తున్నంతలో చాలా తక్కువ.

పడవ ఊగింది. ఊగి నిలబడింది. నేను కాసేపటిదాకా రెండు అంచులూ పట్టుకున్న చేతులు వదల్లేదు. ఆయన నెమ్మదిగా తెడ్డు వేశారు. కాలి దగ్గర ఒక సందులోంచి నీళ్ళు ఊరుతుంటే చెంబుతో తోడి పోశాను. పోస్తూనే ఉన్నాను. పెరట్లో ఉన్నప్పుడు నీళ్ళు పొయ్యడం, ఇక్కడికొచ్చాక తోడటం, ఈ పడవతో నా పని ఎప్పుడూ నీళ్ళేనని చిరాకేసింది. అవతలి ఇసుక మేట దాకా వెళ్ళాం. పడవ ముక్కు ఇసుకలో మెత్తగా దిగి ఆగింది. ఆయన తెడ్డు ఒళ్ళో పెట్టుకుని చుట్టూ చూశారు. రెల్లు, కొంగలు, దూరంగా యూనివర్సిటీ వైపు రోడ్డు మీద ఒక బస్సు.

"ఇంతేనా?" అన్నారు.

"ఇంతేనండీ. ఇంకేటనుకున్నారు?"

"ఏమో." అరచేతులు తిప్పి చూసుకున్నారు. రెండింటిలోనూ బొబ్బలు లేచాయి, తారు అంటుకుంది. వాటిని నదిలో ముంచి చాలాసేపు రుద్ది కడుక్కున్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన వేసిన తెడ్డు కొంచెం చక్కగా పడింది.

ఆ తరవాత మరి రెండుసార్లు తిప్పారు. కార్తీకం వచ్చేసరికి నది సన్నబడిపోయి పడవకి చోటు లేకుండా పోయింది. ఇంటికి తెచ్చి మళ్ళీ ఏడాది పొడుగునా నీళ్ళు పోసి కాపాడటం నా వల్ల కాదని చెప్పేశాను. ఆయన కూడా పట్టుబట్టలేదు. కోని అవతల చేపలు పట్టుకునే కుటుంబానికి ఇచ్చేశారు. వాళ్ళు దాన్ని ఏంచేశారో మేం వెళ్ళి చూడలేదు.

ఆ ఎండాకాలం ఆయన షెడ్డులో పెద్దాయన దగ్గరికి స్వయంగా వెళ్ళి, కుర్చీ వద్దు, నిలబడి చేసే పని ఏదైనా ఇమ్మని అడిగారు. బెంచి మీద బ్రేకు సామాన్లు విప్పి బాగుచేసే పని ఇచ్చారు. పాదం సాయంత్రానికి వాచేది. ఉప్పునీళ్ళు కాచి పెట్టేదాన్ని. ఒకరోజు పాదం ఆ నీళ్ళలో పెట్టుకుని, "ఊరి బయట చెరువులో డ్రైవరు ఈత నేర్పుతానన్నాడే. ఆదివారం నుంచి ఎల్తాను. నువ్వూ రారాదేటి?" అన్నారు.

"మీరు నేర్చుకోండి" అన్నాను. "నాకు ఆదివారం డ్యూటీ ఉంది."